రైలు దారిలో రుచులు



"నీకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఏది?" అని ఎవరైనా అడిగితే మీరు ఏం చెబుతారు? ఒకరు ఆవకాయ అన్నం అంటారు. ఒకరు సర్వపిండి అంటారు. మరొకరు రాగి సంకటి అంటారు. ఎవరి మాట వారికి నిజమే. కాని నేను ఇంకొక ప్రశ్న అడుగుతాను, కాస్త ఆలోచించి చెప్పండి. మీకంత ఇష్టమైన ఆ తిండినే మీరు ఇంతవరకూ ఎన్నడూ చూడలేదనుకోండి. ఎక్కడో దూరదేశంలో ఎవరో దాన్ని తెచ్చి మీ ముందు పెడితే "ఆహా!" అంటారా, ముక్కు మూసుకుంటారా?

నాకు తెలిసి చాలామంది ముక్కే మూసుకుంటారు. ఎర్రగా, నూనె తేలుతూ, ఘాటుగా ఉండే ఆవకాయను మొదటిసారి చూసినవాడు జంకితే అందులో వింత ఏమీ లేదు. మరి మనం ఎందుకు జంకటం లేదు? ఈ సంగతి నాకు ఒక రైలు దారి నేర్పింది. ఆ దారి వెంట మిమ్మల్ని కూడా తీసుకుపోతాను, రండి.

మాది గోదావరి ఒడ్డున ఒక పల్లె. మా నాన్నగారికి ఖరగ్‌పూరు రైల్వే వర్కుషాపులో ఉద్యోగం. ఖరగ్‌పూరు పశ్చిమ బెంగాలులో ఉన్నది. బెంగాలులో తెలుగువాళ్ళేమిటని ఆశ్చర్యపోకండి. వందేళ్ళకు పైగా, రైల్వేలో పనికోసం మన కోస్తా జిల్లాల నుంచి ఎంతోమంది ఆ ఊరు వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడి బజారులో నడుస్తూ ఉంటే ఇప్పటికీ తెలుగు మాట చెవిన పడుతుంది. 1967లో, నా పదవ ఏట, అమ్మా చెల్లాయీ నేనూ నాన్నగారి దగ్గరికి కాపరం వెళ్ళాం. ఆ తరవాత చాలా ఏళ్ళు, వేసవి సెలవులకు మా ఊరు రావటమూ, సెలవులు కాగానే సామర్లకోటలో రైలెక్కి ఖరగ్‌పూరు పోవటమూ మాకు అలవాటయింది. అది సుమారు 900 కిలోమీటర్ల దారి.

ప్రయాణమంటే ముందురోజు నుంచే మా ఇంట్లో సందడి. నాయనమ్మ పెద్ద గిన్నెడు పులిహోర కలిపేది. ఎండాకాలంలో మామూలు అన్నం సాయంత్రానికే పాచిపోతుంది గదా, మరి పులిహోర ఎక్కువ పూటలు ఎలా నిలవ ఉంటుంది? చింతపండు పులుపు ఒక కారణం. అన్నాన్ని పాడుచేసే సూక్ష్మజీవులలో చాలావాటికి ఆ పులుపు గిట్టదు. ఉప్పు రెండో కారణం. పులుసును నూనెలో బాగా ఉడికించి చిక్కపరచటం చేత తడి తగ్గిపోవటం మూడో కారణం. సూక్ష్మజీవి అనే మాట మా నాయనమ్మ ఎన్నడూ వినలేదు. కాని ఎంత పులుపు వేస్తే ఎన్ని పూటలు ఆగుతుందో ఆవిడకు లెక్క తెలుసు.

పెరుగన్నం సంగతి ఇంకా తమాషా. పెరుగు పోసి కలిపితే దారిలో ఎండకు పులిసిపోతుంది. అంచేత ఆవిడ మెత్తగా ఉడికిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒకటి రెండు చెంచాల పెరుగు మాత్రం వేసి కలిపేది. రైలెక్కేటప్పుడు అది పాలన్నం. మధ్యాహ్నం మూత తీసేసరికి కమ్మని పెరుగన్నం! ఆ చెంచాడు పెరుగులో ఉన్న సూక్ష్మజీవులు టిక్కెట్టు లేకుండా మాతోపాటు ప్రయాణం చేస్తూ, దారిలోనే పాలను తోడువేసేవన్నమాట. ఇవికాక ఒక డబ్బాలో జంతికలూ, సున్నుండలూ, మరచెంబు నిండా మంచినీళ్ళూ ఉండేవి.

రైలు కదిలిందా, ఇక ఒక్కొక్క స్టేషనుకూ ఒక్కొక్క రుచి. సామర్లకోట దాటాక అన్నవరం. కొండమీది సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూకతో, నేతితో చేసి ఆకులో పొట్లం కట్టి ఇస్తారు. కాస్సేపటికి అనకాపల్లి. అది బెల్లానికి పేరుపడ్డ ఊరు. వాల్తేరు స్టేషనులో ఇంజనును ఈ కొసన విప్పి ఆ కొసన తగిలించేవారు. దాంతో బండి వచ్చిన వైపుకే తిరిగి పోతున్నట్టు ఉండేది. మా చెల్లాయి ప్రతిసారీ "మళ్ళీ ఇంటికి పోతున్నాం!" అని చప్పట్లు కొట్టేది. అక్కణ్ణించి విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, ఆపైన జీడిపప్పుకు పేరుపడ్డ పలాస.

బరంపురం వచ్చేసరికి తెలుగూ ఒడియా కలిసి వినిపిస్తాయి. భాష లాగే వంట కూడాను. ఇక్కడిదాకా తెలుగు వంట, ఇక్కణ్ణించి ఒడియా వంట అని నేల మీద గీత గీయటానికి వీలులేదు. చింతపండు కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఆవనూనె వాసన కొద్దికొద్దిగా మొదలవుతుంది. రాత్రి నిద్రలో కటకమూ బాలాసోరూ దాటిపోయి, తెల్లవారి ఖరగ్‌పూరులో దిగేసరికి మాత్రం అంతా మారిపోయి ఉంటుంది. ఆ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. చాలాకాలం అది ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించిపోయాయి. మూటలు మోసుకుంటూ దాని కొస చేరేసరికి మాకు నకనకలాడే ఆకలి!

ఆ ఊళ్ళో మొదట నాకు గిట్టనిది ఆవనూనె వాసన. మేం నువ్వుల నూనెకూ వేరుశనగ నూనెకూ అలవాటుపడ్డవాళ్ళం. పక్కింట్లో మూకుడు పొయ్యిమీద పెడితే చాలు, నా ముక్కు మండేది, కళ్ళు చెమర్చేవి. "మీ పోపులో వేసేదీ ఆవాలే గదా, ఆ వాసన నీకెందుకు మండదు?" అని మా బడిలో లెక్కల మాస్టారు నన్ను అడిగారు. నాకు జవాబు తోచలేదు. మీకు తోచిందా?

కారణం ఇదీ. ఆవగింజలో రెండు పదార్థాలు వేరువేరు అరలలో విడివిడిగా ఉంటాయి. గింజను తడిపి నూరినప్పుడు ఆ అరలు చితికి, రెండూ కలుస్తాయి. అప్పుడు వాటిలో ఒకటి రెండోదాన్ని మార్చి, ముక్కుకెక్కే ఘాటును పుట్టిస్తుంది. కాగిన నూనెలో వేస్తే ఆ మార్చే పదార్థం వేడికి పాడైపోతుంది. అంచేత చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయేగాని ఘాటుగా ఉండవు. కావాలంటే మీరే చూడండి. పోపులో వేగిన ఆవాలు నాలుగు నమలండి. తరవాత పచ్చి ఆవాలు నాలుగు నమిలి, ఒక్క నిమిషం ఆగండి. తేడా మీ ముక్కే చెబుతుంది!

మా గోదావరి జిల్లాలలో పనసపొట్టు కూరకు ఆవ పెడతారు. అంటే నూరిన ఆవముద్దను కూర పొయ్యిమీది నుంచి దించిన తరవాత కలుపుతారు. ఎందుకంటే ఎక్కువ వేడి తగిలితే ఘాటు పోతుంది. ఇక ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ పేరులోనే ఆవ ఉన్నది. బెంగాలువాళ్ళు ఆవముద్ద చేపలకు పట్టిస్తారు, మనం పనసపొట్టుకూ మామిడికాయకూ పట్టిస్తాం. నా ముక్కును మండించిన ఘాటూ, నేను లొట్టలు వేసుకుంటూ తిన్న ఆవకాయలోని ఘాటూ ఒకటేనని మాస్టారి మాట వల్ల నాకు తెలిసింది.

మా పక్కవాటాలో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని మేం "మాషీ" అనేవాళ్ళం. మాషీ అంటే పిన్ని. ఆవిడ నన్ను "ఖోకా" అని పిలిచేది, అంటే అబ్బాయీ అని. అమ్మకూ ఆవిడకూ ఒకరి భాష ఒకరికి రాదు. గోడమీద నుంచి చేతులతోనూ, నవ్వులతోనూ మాట్లాడుకునేవారు.

మేం వెళ్ళిన మరుసటి ఏడు వేసవి మొదట్లో అమ్మకు టైఫాయిడు వచ్చింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచారు. నాన్నగారు పగలు వర్కుషాపులోనూ, రాత్రి ఆస్పత్రిలోనూ ఉండేవారు. నాయనమ్మకు ఉత్తరం రాశాం గాని, తాతయ్యకు కూడా ఒంట్లో బాగుండక ఆవిడ రాలేకపోయింది. మాషీ ఏమీ అడగకుండా మా ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయింది.

చెల్లాయికి అప్పుడు నాలుగేళ్ళు. అది అన్నం ముట్టటం మానేసింది. మాషీ పూరీలాంటి తెల్లని లూచీలు చేసింది. బియ్యమూ పెసరపప్పూ కలిపి ఖిచుడీ వండింది. నాన్నగారి స్నేహితులు రసగుల్లాలు తెచ్చారు. చెల్లాయి పెదవులు బిగించి తల అడ్డంగా ఊపేది. నాలుగు రోజులు కాసిని పాలూ, రెండు బిస్కెట్లూ తప్ప దాని కడుపులోకి ఏమీ పోలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. నాన్నగారు ఆస్పత్రి నుంచి వచ్చి దాన్ని ఎత్తుకుని, ఏమీ అనలేక నా వంక చూసేవారు. నాకు ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఐదవ రోజు పొద్దున్నే నేనూ చెల్లాయీ వంటింటి గడపమీద కూర్చున్నాం. మాషీ మాకు పెట్టవలసినవన్నీ పెట్టి, చెల్లాయి ముట్టకపోవటం చూసి నిట్టూర్చి, ఒక మూలకు పోయి తాను తినటానికి కూర్చున్నది. ఆవిడ మా వైపు కాస్త వీపు తిప్పుకుని మరీ కూర్చున్నది. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ, ఉప్పు. అంతే. చెల్లాయి లేచి, మెల్లిగా వెళ్ళి, ఆవిడ భుజం మీదుగా గిన్నెలోకి తొంగి చూసింది.

"అన్నయ్యా, చద్దన్నం!" అన్నది.

మాషీకి ఆ మాట అర్థం కాలేదు. చెల్లాయి ఆవిడ ఒళ్ళో కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి తినసాగింది. మిరపకాయ తీసి పక్కన పెట్టి, గిన్నె అడుగుదాకా తిన్నది. ఆవిడ అలాగే కదలకుండా కూర్చుని, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నది. మర్నాటి నుంచి అమ్మ ఇంటికి వచ్చేదాకా రోజూ పొద్దున చెల్లాయి తిండి అదే. నాలుగు రోజులు గడిచేసరికి అది ఖిచుడీ కూడా అడిగి పెట్టించుకున్నది.

దాన్ని బెంగాలులో పాంతా భాత్ అంటారు. ఒడిశాలో పఖాళ అంటారు. మనం చద్దన్నం అంటాం. పేర్లు మూడు, పని ఒకటే. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే, పెరుగులో ఉండేలాంటి సూక్ష్మజీవులే అందులో పెరిగి, సన్నని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను చాలామట్టుకు అదుపులో ఉంచుతుంది. వండిన అన్నం వృథా కాదు, పొద్దున్నే పొయ్యి వెలిగించే పని లేదు, ఎండకు కడుపులో చల్లగా ఉంటుంది. వరి పండి, ఎండ కాసే ఈ తీరం పొడుగునా పల్లెల్లో ఇల్లాళ్ళందరికీ ఒకే ఉపాయం తోచింది చూశారా! అయితే ఒక జాగ్రత్త. నీళ్ళు పోయకుండా వదిలేసి, జిగురు వచ్చి, చెడు వాసన వేసే అన్నం చద్దన్నం కాదు. దాన్ని పారవెయ్యవలసిందే.

మాషీ మొదటి రోజే మాకు పాంతా ఎందుకు పెట్టలేదు? మా వైపు వీపు తిప్పుకుని ఎందుకు తిన్నది? నేను పెద్దవాణ్ణయ్యాక ఆ సంగతి ఆలోచించాను. ఇంటికి వచ్చినవాళ్ళకు చద్దన్నం పెట్టటం చిన్నతనమని ఆవిడ అనుకున్నది. మన ఇళ్ళల్లో మాత్రం? చుట్టాలు వస్తే గారెలు, పాయసం చేస్తాం. చద్దన్నం కుండను లోపల పెట్టేస్తాం. అంచేత ఊళ్ళు తిరిగేవాడికి అందరూ పండుగ వంటలే పెడతారు, హోటళ్ళూ అవే పెడతాయి. అక్కడి వాళ్ళు రోజూ పొద్దున ఏం తిని పనికి పోతారో అతనికి కనిపించదు. కాని పండుగ వంటలు ఊరూరికీ వేరు. రోజువారీ తిండిలోనే ఊళ్ళ మధ్య చుట్టరికం తెలుస్తుంది.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2021లో ఆస్ట్రేలియాలో టెలివిజను వారు జరిపిన మాస్టర్‌షెఫ్ వంటల పోటీలో, చివరి ఘట్టంలో, బంగ్లాదేశ్ మూలాలు గల కిష్వర్ చౌధురి అనే ఆమె న్యాయనిర్ణేతల ముందు పాంతా భాత్ వడ్డించింది. ఆమెకు మూడో స్థానం వచ్చింది. ఒడిశాలోనేమో మార్చి 20వ తేదీని పఖాళ దినంగా జరుపుకుంటున్నారు. మా మాషీ ఉంటే ఈ మాట విని ఎంత నవ్వేదో!

అమ్మ కోలుకుని ఇంటికి వచ్చాక రెండు ఇళ్ళ మధ్య గిన్నెల రాకపోకలు మొదలయ్యాయి. ఒకనాడు మా ఇంట్లో పాలు విరిగాయి. అమ్మ "అయ్యో, శేరు పాలు!" అని విచారిస్తూ ఉంటే, మాషీ గోడమీద నుంచి చూసి, సంతోషంగా ఆ గిన్నె పట్టుకుపోయింది. సాయంత్రం అది తియ్యని సందేశ్ అయి తిరిగి వచ్చింది. మనం విరిగితే విచారించే పాలను బెంగాలులోనూ ఒడిశాలోనూ కావాలనే విరగ్గొడతారు. కాగే పాలలో నిమ్మరసం పిండితే పాలలోని మాంసకృత్తులు ఒకటికొకటి అంటుకుని ముద్దలవుతాయి. నీరు విడిపోతుంది. ఆ ముద్దే ఛెనా. దాన్ని ఉండలు చేసి చక్కెర పాకంలో ఉడికిస్తే రసగుల్లా. నిజానికి పెరుగు తోడుకోవటంలోనూ పులుపే పాల మాంసకృత్తులను కలుపుతుంది. కాని అక్కడ పని రాత్రంతా నెమ్మదిగా జరుగుతుంది గనక గడ్డ నునుపుగా వస్తుంది.

ఆ రసగుల్లా కోసం రెండు రాష్ట్రాలు వాదులాడుకున్నాయి తెలుసా? "మాది!" అంటే "మాది!" అన్నాయి. చివరికి బెంగాలు రసగుల్లాకు 2017లోనూ, ఒడిశా రసగుల్లాకు 2019లోనూ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. మన బందరు లడ్డుకూ, తిరుపతి లడ్డుకూ ఉన్నది కూడా అటువంటి గుర్తింపే.

వానలు పడగానే ఇంకో విచిత్రం జరిగింది. నాన్నగారూ మాషీ వాళ్ళాయనా బజారునుంచి ఒకే రకం చేప తెచ్చారు. వెండిలా మెరుస్తున్నది. మాషీ "ఇలిష్!" అన్నది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మన పులస గదా!" అన్నది. ఇద్దరి మాటా నిజమే. ఈ చేప బంగాళాఖాతంలో ఉంటుంది. వానాకాలంలో నదులకు కొత్తనీరు రాగానే, గుడ్లు పెట్టటానికి ఏటికి ఎదురీదుతుంది. గంగ పాయలలోకి పోయినదాన్ని బెంగాలువాళ్ళు ఇలిష్ అంటారు. గోదావరిలోకి వచ్చినదాన్ని మనం పులస అంటాం. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అని మావైపు సామెత కూడా ఉన్నది. బంగ్లాదేశ్‌కు అది జాతీయ మత్స్యం.

ఆవేళ మాషీ దాన్ని ఆవముద్దతో వండింది. అమ్మ చింతపండు పులుసులో బెండకాయలు వేసి, సన్నని సెగమీద చాలాసేపు ఉడికించి, రాత్రంతా ఉంచి మర్నాడు వడ్డించింది. మాషీ పులుసు నోట్లో పెట్టుకుని, పులుపుకు ఒక కన్ను మూసి, రెండోసారి వేయించుకున్నది. నాన్నగారు ఆవముద్ద కూర తిని, "ఏది బాగుంది?" అని అమ్మ అడిగితే, తెలివిగా "చేప బాగుంది" అన్నారు.

"సరే, ఆ వంటలు పరాయివైతే, అచ్చంగా మనవి ఏవి?" అని మీకు సందేహం రావచ్చు. రండి, మన వంటింట్లోనే వెతుకుదాం. మిరపకాయ లేని తెలుగు వంటిల్లు ఉన్నదా? కాని మిరప పుట్టినది అమెరికా ఖండంలో. వాస్కో డ గామా ఓడ కోళికోడు చేరినది 1498లో. ఆ తరవాతనే పోర్చుగీసువారి ఓడల వెంట మిరప మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన పెద్దలకు కారమంటే మిరియాలే. పలాస జీడిపప్పు? జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిలు. బెంగాలువాళ్ళు ప్రాణంగా చూసుకునే బంగాళాదుంప? దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. టొమాటో కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. ఆనాడు ఎవరో ఒక ఇల్లాలు ఆ ఎర్రకాయను చూసి జంకి పారవేయక, కాస్త నూరి నాలుకమీద వేసుకుని చూసి ఉంటుంది. ఆవిడ పుణ్యమా అని ఇవాళ మనకు గుంటూరు మిరపకాయ ఉన్నది. మనకన్నా ముందు మన కూరలే ప్రయాణాలు చేశాయి!

ఇష్టం ఎక్కువభాగం అలవాటులోనే ఉన్నదని శాస్త్రజ్ఞులు కూడా చెబుతారు. పిల్లలు కొత్త తిండిని మొదట వద్దనటం సహజం. బలవంతం చెయ్యకుండా, కొద్దికొద్దిగా, ఎనిమిది పది మార్లు రుచి చూపిస్తే చాలామంది దానికి అలవాటుపడతారు. తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఒకసారి ఉమ్మేశాడు గదా అని కాకరకాయ కూరను వాడి కంచంలో నుంచి శాశ్వతంగా వెలివెయ్యకండి. అలాగే బడికి పంపే డబ్బాలో మీ ఇంటి తిండి పెట్టటానికి సిగ్గుపడకండి. అది చద్దన్నమైనా సరే, జొన్నరొట్టె అయినా సరే. పక్కపిల్లవాడు డబ్బాలోకి తొంగి చూస్తే ఒక ముద్ద పెట్టమని మీ పిల్లలకు చెప్పండి.

ఇక బాలలూ, మీకు ఒక పని చెబుతాను. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పుటలో మీ ఇంట్లో రోజూ తినే వాటి పేర్లు రాయండి. పండుగ వంటలు వద్దు, రోజువారీవి మాత్రమే. మీ అమ్మమ్మనూ నాయనమ్మనూ అడిగి, వాళ్ళు మీ వయసులో పొద్దున్నే ఏం తినేవారో అదీ రాయండి. కుడి పుట ఖాళీగా ఉంచండి. సెలవులకు మరో ఊరు వెళ్ళినప్పుడు, మీ క్లాసులోకి మరో రాష్ట్రపు పిల్ల వచ్చి చేరినప్పుడు, "మీ ఇంట్లో పొద్దున్నే ఏం తింటారు?" అని అడగండి. వీలైతే రుచి చూడండి. దానికి జత అయినది ఎడమ పుటలో దొరికితే, ఎదురుగా రాయండి. చద్దన్నానికి ఎదురుగా పాంతా, పఖాళ అని ఇప్పుడే రాసుకోవచ్చు. ముంత కింద పప్పుకు ఎదురుగా బెంగాలులో మరమరాలతో కలిపే ఝాల్‌మూడీ రాయండి. తక్కినవి మీరే వెతకాలి.

మా చెల్లాయికి ఇప్పుడు మనవలు ఉన్నారు. వాళ్ళు ఉండేది సముద్రాల అవతల. కిందటి ఏడు అది అక్కడికి వెళ్ళినప్పుడు, పక్కింటి కొరియా దేశపు ముసలావిడ కాబేజీని ఉప్పూ కారమూ వేసి పులియబెట్టిన పచ్చడి ఇచ్చిందట. ఇంట్లో పిల్లలు వాసన చూసి దూరంగా పరుగెత్తారట. చెల్లాయి మాత్రం వేడి అన్నంలో కలుపుకుని తిని, గిన్నె కడిగి, అందులో గోంగూర పచ్చడి పెట్టి తిరిగి పంపింది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి వచ్చిందని మొన్న ఫోనులో చెప్పింది. నేను నా నోటుపుస్తకం తీసి, గోంగూర పచ్చడికి ఎదురుగా కిమ్చీ అని రాసుకున్నాను.